నాలుగో బొట్టు

ఏప్రిల్ పద్దెనిమిదో తారీఖు మధ్యాహ్నం సత్యప్రసాద్ పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు తిన్నాడు. తారీఖు గుర్తుండిపోవడానికి కారణం కూరలో ఉప్పు. ఆవపెట్టే దాకా అన్నీ సరిగ్గానే చేశాడు గాని, వేశానో లేదో అన్న అనుమానంతో ఉప్పు రెండోసారి వేసేశాడు. పారేయడానికి మనసొప్పలేదు. అన్నం ఎక్కువ కలుపుకుని, చివర్న మజ్జిగ తాగి లేచాడు. సాయంత్రం దాకా దాహం తీరలేదు. అందుకే అపార్ట్‌మెంటు మీటింగుకి నీళ్ళ సీసా పట్టుకుని దిగాడు.

"చూశారా, నీళ్ళ మీటింగుకి ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకోవాలని మేస్టారొక్కరికే తెలిసింది," అన్నాడు ప్రెసిడెంట్ శ్యాంబాబు. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. సత్యప్రసాద్ కూడా నవ్వి ఇంకో గుక్క తాగాడు. తణుకు కాలేజీలో కామర్సు చెప్పి రిటైరయ్యాడు కాబట్టి ఆ అపార్ట్‌మెంటులో అందరికీ ఆయన మేస్టారే.

కాలువలకి నీళ్ళు కట్టేసి వారం అయింది. మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ సన్నగా వస్తున్నాయి. బోరు నీళ్ళు ఎండలు ముదిరేకొద్దీ ఉప్పెక్కుతున్నాయి. శ్యాంబాబుకి పెనుగొండ అవతల పొలం ఉంది. నీళ్ళ మాట ఎత్తితే ఆయన గొంతులో ప్రెసిడెంటు వెనక్కి తగ్గి రైతు ముందుకొస్తాడు.

"చేలల్లో నెర్రెలు కాలు పట్టేలా ఉన్నాయండీ. ఇక్కడ చూస్తే పొద్దున్నే పైపులెట్టి కార్లకి అభిషేకాలు! రేపట్నుంచి పైపు బందు. ఎవరికన్నా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. శ్యాంబాబు లేచి వెళ్ళి స్తంభం దగ్గరున్న కుళాయి పిడి ఊడదీసి తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. ఆకుపచ్చ పైపుని చుట్ట చుట్టి జనరేటర్ వెనక పడేశాడు. అంతా చప్పట్లు కొట్టారు. సీసా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని సత్యప్రసాద్ కూడా కొట్టాడు. వాచ్‌మన్ చిట్టియ్య గేటు దగ్గర నిలబడి కొట్టాడు. మెట్ల కింద గది గుమ్మంలో అతని భార్య వీరవేణి నిలబడి ఉంది. ఆమె చేతిలో చీపురుంది.

*

మర్నాడు పొద్దున్న సత్యప్రసాద్ నడకకి దిగేసరికి వీరవేణి ర్యాంపు మీద ఉంది. సెల్లారు కుళాయి పోవడంతో భవనం వెనక బోరు దగ్గరున్న కుళాయే గతి. అక్కడ బకెట్టు నింపుకుని, ప్రహరీ వెంట చుట్టూ తిరిగి, ర్యాంపు మీద నుంచి కార్ల దగ్గరికి దిగాలి. ర్యాంపు ఏటవాలు. అడుగడుక్కీ నీళ్ళు తొణికి కాళ్ళ మీద పడుతుంటే, జారకుండా పాదాలు అడ్డంగా వేసుకుంటూ దిగుతోంది. కిందికొచ్చాక బకెట్టు దించి, ఎడం చెయ్యి మణికట్టుని కుడి చేత్తో గట్టిగా పట్టుకుని ఓ క్షణం అలాగే ఉంది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు సత్యప్రసాద్.

"నొప్పేంటండి మేస్టారండి. పైపొచ్చాక చేతులు సుకుమారమైపోయినియ్యండి. రెండ్రోజులు మోత్తే దారికొత్తాయి."

ఆమె శ్యాంబాబు కారు మొదలుపెట్టింది. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులిపింది. ఇంకో గుడ్డ ముంచి, పిండి, టాపు మీద నుంచి కిందికి తుడుచుకుంటూ వచ్చింది. తడి ఆరేలోపు మూడో గుడ్డ వేసి ఒత్తింది. బోరు నీళ్ళు తమంతట తాము ఆరితే ఉప్పు మరకలు తేలతాయి. అలా తేలిన రోజు పైనుంచి ఎవరో ఒకరు కేకేస్తారు: "వీరవేణీ, కారు కడిగావా, సున్నం కొట్టావా?" చక్రాలకి వేరే గుడ్డ. ఒక కారు అయ్యేసరికి బకెట్టు మట్టిరంగుకొచ్చింది. మళ్ళీ ర్యాంపు.

కార్లు కడిగినందుకు ఆమెకి వేరే జీతమంటూ లేదు. గేటు చూసినందుకు చిట్టియ్యకి జీతం. మెట్లు, కార్లు, చెత్త ఆమె చూస్తే మెట్ల కింద గది ఇద్దరికీ. చాలాకాలంగా అలాగే నడుస్తోంది. పైపు బందు చేసినప్పుడు ఆ బరువు ఎవరి చేతి మీద పడుతుందని మీటింగులో ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

నడకకి వెళ్ళే ముందు ఆయన అలవాటు ప్రకారం తన కారు దగ్గర ఆగాడు. చిన్న తెల్ల కారు. బానెట్ ఎడమ మూల పసుపు బొట్లు మూడు, వాటి మీద కుంకుమ. కింద కొంచెం పక్కకి నాలుగోది, చిన్నది. ప్రతి శుక్రవారం ఆయన భార్య లలితాంబ పెట్టేది. మూడు పెట్టాక వేలికి మిగిలిన దాన్ని అక్కడే రాసేది. "పారేయడమెందుకండీ, దాన్నీ ఓ బొట్టనుకుంటే సరి," అనేది. రాజమండ్రి ఆస్పత్రికి బయల్దేరే ముందు కూడా పెట్టింది. తిరిగి ఆమె రాలేదు. దినాలయ్యాక సత్యప్రసాద్ వీరవేణిని పిలిచి ఒక్క మాట చెప్పాడు: "ఆ పసుపు మాత్రం చెరపకమ్మా. చుట్టూ తుడువు."

"అలాగేనండి," అంది. ఏడాది కావస్తోంది. బొట్లు అలాగే ఉన్నాయి. సెల్లారులో ఎండా వానా తగలవు, తను కారు తీసేదీ తక్కువే. అయినా ఇన్నాళ్ళు నిలవడం ఒక దయ అనుకున్నాడు. ఎవరి దయ అని ఆలోచించలేదు.

*

ఆ రాత్రి ఏసీ వేసుకుని పడుకున్నాడు. తెల్లారి బాల్కనీలోకి వస్తే ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్టు నిండి, అంచు దాటి కారుతోంది. ఈ ఉక్కపోతలో రోజూ నిండేదే. సగం తులసికి పోసి మిగతాది పారబోసేవాడు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు, ఏ రుచీ లేదు.

బకెట్టు పట్టుకుని లిఫ్టులో దిగాడు. వీరవేణి రోజూ కడిగే పద్ధతిలోనే కడిగాడు. ముందు దుమ్ము, తర్వాత టాపు, అద్దాలు, తలుపులు, చివరికి చక్రాలు. గుడ్డ బాగా పిండితే బకెట్టులో సగం నీళ్ళు చాలని తెలిసి ఆయనకి ముచ్చటేసింది. పైగా ఈ నీళ్ళకి మరక పడదు. బొట్ల దగ్గరికొచ్చినప్పుడు గుడ్డని వేలికి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, చుట్టూ తుడిచాడు.

మూడో అంతస్తు ఫణిశ్రీ బ్యాంకుకి బయల్దేరుతూ హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆగింది.

"సార్! మీరు కడుగుతున్నారేంటి సార్?"

"ఏసీ నీళ్ళమ్మా. ఊరికే పోతున్నాయి కదాని."

"సూపర్ సార్. ఒక్క ఫొటో. గుడ్డ కొంచెం పైకెత్తండి... ఆఁ, అలా."

వీరవేణి అప్పుడే ర్యాంపు దిగింది. బకెట్టు దించకుండా కాసేపు నిలబడి ఆయన చేతిలో గుడ్డకేసి చూసింది. తర్వాత పక్క కారు దగ్గరికి వెళ్ళిపోయింది. ఒక కారు బరువు తగ్గించాను కదా అనుకున్నాడు సత్యప్రసాద్. నడుం పట్టేసింది గాని మనసు తేలిగ్గా ఉంది. ఆ పూట పెసరట్టు వేసుకుని తిన్నాడు.

ఫోను ఆయన సాయంత్రం గాని చూడలేదు. అపార్ట్‌మెంటు గ్రూపులో తన ఫొటో. కింద ఫణిశ్రీ: "మన మేస్టారు! ఒక్క బకెట్టు, అదీ ఏసీ వాటర్!" దాని కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు. అన్నిటికన్నా కింద శ్యాంబాబు గొంతు రికార్డు చేసి పెట్టాడు. సత్యప్రసాద్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మేస్టారు దారి చూపించారండి. ఈ వయసులో ఆయన కడుక్కుంటున్నప్పుడు మనకేం వచ్చింది? ఎవరి కారు వాళ్ళే కడుక్కుందాం. అలాగైతే ఇంక చిట్టియ్య ఫ్యామిలీ ఇక్కడ ఉండాల్సిన పనేముందండి? మెట్లకి ఎవరినన్నా పెట్టుకోవచ్చు. గేటుకి ఏజెన్సీ వాళ్ళు మనిషిని పంపిస్తారు. మెట్ల కింద గది ఖాళీ అయితే ఇన్వర్టర్ బ్యాటరీలు అందులో పెట్టేయొచ్చు. ఆదివారం మీటింగులో తేల్చేద్దాం."

రెండోసారి విన్నాడు. మొదటిసారి విన్నదే మళ్ళీ వినబడింది. కింద దణ్ణాలు ఇంకో నాలుగు పెరిగాయి.

*

శనివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే వీరవేణి. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలో మడతపెట్టిన గుడ్డలున్నాయి. అవి ఆయన పాత బనీన్లు, కారు తుడవడానికి ఆయనే ఇచ్చినవి. ఉతికి ఆరేసి తెచ్చింది.

"మీ గుడ్డలండి."

"ఇప్పుడవెందుకు వీరవేణీ?"

"మీ కారు మీరు కడుక్కుంటున్నారు కదండి. కావాల్సొత్తాయని." కాస్త ఆగింది. "నా వల్ల ఏవన్నా తప్పు జరిగిందా అండి? గీత పడిందా?"

"అయ్యో, అదేం కాదమ్మా. మొన్న నువ్వు చెయ్యి పట్టుకుని నిలబడితే చూడలేకపోయాను. నీకో కారు తగ్గుతుందనుకున్నాను."

"చెయ్యి నొప్పెడితే మందు రాసుకుంటానండి. గది పోతే ఎక్కడ కూకుని రాసుకోమంటారండి?"

కోపంగా అనలేదు. అడిగిందంతే.

"ఈయనేమో ఊరెళ్ళిపోదాం అంటాడండి. ఊళ్ళో ఏముందండి? ఉన్న ఇల్లు ఆయన తమ్ముడు పడగొట్టి కట్టుకున్నాడు. ఇంకో అపార్ట్‌మెంటు చూసుకుందామంటే, ఈడు మళ్ళిన వాచ్‌మన్‌ని ఎవరెట్టుకుంటారండి? గేటు తియ్యడానికి లేచేసరికే కారోళ్ళు హారన్లు కొట్టేత్తారు." తన మాటకి తనే చిన్నగా నవ్వి, నవ్వు ఆపేసింది.

సత్యప్రసాద్ గుడ్డలు తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"ఇవి నీ దగ్గరే ఉండనీ. కారు నువ్వే కడుగు. కానీ ఆ ర్యాంపు ఎక్కి దిగొద్దు. బాల్కనీలో బకెట్టుంది, నేను లిఫ్టులో తెస్తాను, పద."

ఆమె ఎంత వద్దన్నా బకెట్టు ఆయనే మోశాడు. కారు దగ్గర దించి, పైన తేలుతున్న మగ్గు తీసి, ఎక్కడ పెట్టాలో తోచక బానెట్ మీద పెట్టాడు. అందులో సగం దాకా నీళ్ళున్న సంగతి చూసుకోలేదు. బానెట్ ఏటవాలు. మగ్గు జారి, పక్కకి ఒరిగి, నీళ్ళన్నీ ఎడమ మూలకి పరుగెత్తాయి.

తుడవబోయాడు. చెయ్యి తగలకముందే పసుపు కరిగింది. పచ్చటి ధార కుంకుమని కలుపుకుని, లైటు పక్క నుంచి నంబరు ప్లేటు మీదికి, అక్కణ్ణించి నేల మీదికి కారింది. మూడు బొట్లు పోయాయి. నాలుగోది ఒక్క గీతలా సాగి అదీ పోయింది.

సత్యప్రసాద్ కదలకుండా నిలబడ్డాడు. మగ్గు నేల మీద దొర్లుతోంది.

వీరవేణి కారుని చూడలేదు, ఆయన మొహం చూసింది. "ఉండండి మేస్టారండి," అని గబగబా గదిలోకి వెళ్ళింది. స్టీలు మూతలో పసుపు, కాగితంలో కుంకుమ తెచ్చింది. బకెట్టులో వేళ్ళు ముంచి రెండు చుక్కలు పసుపులో రాల్చి కలిపింది. కొంగుతో బానెట్ మూల తడి ఒత్తింది. ఒకటి, పక్కన ఒకటి, పైన ఒకటి. వాటి మీద కుంకుమ. తర్వాత వేలికి మిగిలిన దాన్ని కింద, కొంచెం పక్కకి, అలవాటైన చోట రాసేసింది.

ఆ నాలుగో దాని సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"వీరవేణీ," అన్నాడు. "ఇది ఎన్నోసారి?"

ఆమె మూతలో మిగిలిన పసుపుని వేలితో మధ్యకి చేర్చింది.

"లెక్కెట్టలేదండి."

"మొదట ఎప్పుడు పోయింది?"

"మీరు చెప్పిన వారమేనండి. చుట్టూనే తుడిచానండి, అమ్మతోడు. పసుపు కదండి, తడి తగిల్తే ఉంటదా? మీరు చూత్తే ఏమంటారోనని భయమేసి, మా ఇంట్లో పసుపు తెచ్చి పెట్టేశానండి. అమ్మగారు పెడతంటే వారం వారం చూసేదాన్నే కదండి." గొంతు తగ్గించింది. "చెప్పేద్దామనే అనుకున్నానండి. మీరేమో పొద్దున్నే దిగొచ్చి, దాన్ని చూసి గాని నడకకెళ్ళేవోరు కాదు. మరింకెలా చెప్తానండి?"

"వానాకాలంలో కూడా నిలిచిందనుకున్నాను."

"వానాకాలం చెమ్మకి వారానికి రెండేసి సార్లండి బాబూ," అంది వీరవేణి.

ఆయనకి నవ్వొచ్చింది. కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు. ఆమె అటు తిరిగి, గుడ్డ ముంచి, కారు వెనక అద్దం తుడవడం మొదలుపెట్టింది.

*

ఆదివారం మీటింగుకి ఆయన మళ్ళీ సీసా తెచ్చుకున్నాడు. ఈసారి కూరలో ఉప్పు సరిపోయింది గాని, నోరు ఎండిపోయేలా ఉంది. క్లాసులో తప్ప పదిమందిలో లేచి మాట్లాడే అలవాటు ఆయనకి లేదు. గేటు దగ్గర చిట్టియ్య కూర్చోకుండా నిలబడ్డాడు. వీరవేణి గది గుమ్మంలో ఉంది. ఇవాళ చేతిలో చీపురు లేదు.

"మీ ఫొటోతోనే మొదలెడదాం మేస్టారూ," అన్నాడు శ్యాంబాబు.

"నేనూ దాని గురించే చెబుదామని శ్యాంబాబు గారూ." సత్యప్రసాద్ లేచాడు. "ఆ ఫొటో చూసి ఎవరూ ఏదీ మొదలెట్టకండి. నేను కడిగింది ఒక్క రోజు. నడుం పట్టి రెండు రోజులు కాపడం పెట్టుకున్నాను. నిన్న నా బకెట్టే నా కారు మీద ఒలకబోసుకున్నాను. మళ్ళీ కడగను."

కొందరు నవ్వారు. "మీరు మానేస్తే మాకు కడిగే పని తప్పింది సార్," అన్నారెవరో వెనకనుంచి.

"జోకులు కాదండీ," అన్నాడు శ్యాంబాబు. "ఆవిడ నీళ్ళు మొయ్యలేకపోతోందని మీరే జాలిపడ్డారు. నేను ఆ మోత లేకుండా చేద్దామంటే మీరే వద్దంటున్నారు. ఎలాగండి మరి?"

"మోత మనం పెట్టిందేనండి. మీటింగులో బందు చేసింది పైపుని. ఊడదీసింది కుళాయి పిడిని. కుళాయి కింద బకెట్టు పెట్టి పట్టుకుంటే ఎన్ని నీళ్ళు పోతాయి? వెనక బోరు దగ్గర పట్టినన్నే. ర్యాంపు మీద తొణికేవి మిగులుతాయి కూడా. ఆ పిడి ఆవిడ చేతికిచ్చేయండి."

"ఇస్తాను, ఆవిడ పైపు తగిలించేస్తుంది. నేను పొలం వెళ్ళినప్పుడు చూసేదెవరు?"

సత్యప్రసాద్ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు.

"ఏడాది కిందట ఆవిడకి నేనొక మాట చెప్పానండి. నా కారు మీద పసుపు చెరపొద్దని. మళ్ళీ గుర్తు చెయ్యలేదు, అడగలేదు. వెళ్ళి చూసుకోండి, అలాగే ఉంది. మనిషి మాట నిలబెట్టుకోవడం అంటే నాకు తెలిసి అదే. పైపు తగిలించొద్దంటే తగిలించదు. దానికి నేను పూచీ."

అందరూ తలలు తిప్పి కారు వైపు చూశారు. బానెట్ మూల నాలుగు బొట్లు మెరుస్తున్నాయి. గుమ్మంలో వీరవేణి తల వంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో ఎవరికీ కనబడలేదు.

"నిజమే సార్," అంది ఫణిశ్రీ నెమ్మదిగా. "మీ ఆవిడ గారు పెడుతుంటే నేను చూసేదాన్ని. శ్యాంబాబు అంకుల్, మా ఏసీ నీళ్ళు కూడా పోతున్నాయి. గొట్టాలన్నీ కిందికి దింపి డ్రమ్ములో కలిపితే ఆ బోరు ఉప్పు నీళ్ళే అక్కర్లేదు. గ్రూపులో ఆ ఫొటో నేనే పెట్టాను, గొట్టాల పని కూడా నేనే చూస్తాను."

శ్యాంబాబు ఇద్దర్నీ చూశాడు. చిట్టియ్యకేసి చూశాడు. తాళాల గుత్తి తీసి, పిడి విడిపించడానికి గోరుతో కాసేపు పెనుగులాడాడు.

"రింగు బిగుసుకుపోయిందండి... ఇదిగో, పట్టు వీరవేణీ. బకెట్టుకే, తెలిసిందా? పైపు కనబడితే ఊరుకోను."

"ఆయ్, అలాగేనండి."

"మరి గది సంగతి శ్యాంబాబు గారూ?" అన్నాడు సత్యప్రసాద్ ఇంకా నిలబడే.

"అబ్బ, వదలరేంటండీ మీరు! బ్యాటరీలు జనరేటర్ పక్కనే ఉంటాయి లెండి. ముందు కాలువలు వదలనివ్వండి, వానలు పడనివ్వండి. అప్పుడు చూద్దాం."

అప్పుడు చూద్దాం అన్న మాట అక్కడే ఉంది. చిట్టియ్య విన్నాడు, సత్యప్రసాద్ విన్నాడు. అయినా మీటింగు లిఫ్టు సర్వీసింగు సంగతికి మళ్ళిపోయింది. చిట్టియ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

*

ఆ రాత్రి భోజనం చేశాక సత్యప్రసాద్ ఖాళీ బకెట్టు తెచ్చుకోవడానికి కిందికి దిగాడు. కార్లన్నీ వచ్చేశాయి. చిట్టియ్య గేటు వేసి గొలుసు చుడుతున్నాడు. స్తంభం దగ్గర కుళాయికి పిడి ఉంది. దాని కింద బకెట్టు బోర్లించి ఉంది, పైన ఆయన పాత బనీను ఆరేసి ఉంది. బనీను తీసి కుళాయి మీద వేసి, బకెట్టు చేతిలోకి తీసుకున్నాడు.

మెట్ల కింద గదిలోంచి పోపు వాసన వస్తోంది. వీరవేణి గుమ్మంలో కూర్చుని చేతికి మందు రాసుకుంటోంది. ఆయన్ని చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా. బకెట్టు కోసం వచ్చాను. రాత్రి ఏసీ కింద పెట్టాలి."

"పొద్దున్న నేనొచ్చి తెచ్చుకుంటానండి. మీరు మొయ్యకండి, మళ్ళీ ఒలకబోత్తారు."

"సరే," అన్నాడు.

ఆయన లిఫ్టు దాకా వెళ్ళి మీట నొక్కాడు. చిట్టియ్య చేతులు దులుపుకుంటూ గదిలోకి వెళ్ళాడు. ఆ గది తలుపు కొంచెం కిందికి దిగింది. తోస్తే నేలకి రాసుకుని కీచుమంటుంది, ఆ చప్పుడు మొదటి అంతస్తు దాకా వినబడుతుంది. వీరవేణి లేచి, నొప్పిలేని చేత్తో తలుపుని అడుగున పట్టుకుని కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి చేర్చి, లోపలినుంచి గడియ వేసుకుంది.